సొరకాయల బండిలో షేర్వానీ

మా ముత్తాత వెంకట లక్ష్మణరావు ఐదు ఊళ్లకు మాలీపటేలు, శిస్తు వసూలు చేసే అధికారి. మా తాత భూపతిరావు ఆ ఐదు ఊళ్లతో పాటు ఒక మోటారు కారుకు కూడా యజమాని. లక్డారం చుట్టుపక్కల మొదటి కారు అదేనని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. ఒకసారి ఆ కారుకు నాలుగు కొత్త టైర్లు బొంబాయి నుంచి రైల్లో వచ్చాయట. స్టేషన్ నుంచి వాటిని ఎడ్లబండి మీద పసుపుకుంకాలు పెట్టి తెస్తుంటే జనం పొలాల్లోంచి లేచివచ్చి చూశారట. ఈ టైర్ల కథ వినకుండా మా ఇంట్లో ఏ పండుగా గడవలేదు. మా నాయన మాధవరావు గారి దాకా కారు రాలేదు, కథ మాత్రం వచ్చింది. నాకు ఆ కథతో పాటు తాతగారి నల్ల షేర్వానీ కూడా వచ్చింది. ఊరి పేరు మాత్రం రాయను. అక్కడివాళ్లు ఇది చదివితే మొదటి వాక్యానికే నవ్వుతారు.

నేను హైదరాబాదులో రెండు గదుల కిరాయి పోర్షనులో ఉంటాను. ఒక ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరయ్యాను. అయినా వెన్ను నిటారుగానే పెట్టుకుని కూర్చుంటాను. వంశ గౌరవం అంటాను నేను. నడుం పట్టేసింది, డాక్టరుకు చూపించుకోమంటుంది మా ఆవిడ.

అలాంటి నాకు ఒకరోజు ఫోను వచ్చింది.

"సారూ, నేను యాదమ్మను. బాలయ్య కోడలిని. మా చేన్ల కూరగాయలు ఆడపిల్లల గురుకులానికి పోతున్నయి. గా బడిల మీ సంతకం కావాలె. ఈ శనివారం లోపల ఒక్కసారి రారాదు?"

బాలయ్య ఎవరో నాకు బాగా తెలుసు. మా గడిలో, అంటే మా పాత బంగళాలో, జీతానికి ఉన్న మనిషి. ఆయన నమ్మకానికి మెచ్చి మా తాత రెండెకరాలు ఇనాముగా ఇచ్చాడు. ఇది కూడా మా ఇంటి పండుగ కథల్లో ఒకటి. ఆ రెండెకరాల్లో పండిన కూరగాయలు ఇప్పుడు ప్రభుత్వ బడి కొంటోంది, ఆ బడిలో నా సంతకం కావాలంటున్నారు. బడిలో సంతకం ఎవరు పెడతారు? ముఖ్య అతిథి పెడతాడు, సందర్శకుల పుస్తకంలో. నాకు అంతకుమించి అర్థం చేసుకోవాల్సింది ఏమీ కనిపించలేదు. షేర్వానీని ఇస్త్రీకి ఇచ్చాను. పావుగంట ఉపన్యాసం రాసుకున్నాను. శాలువా కప్పుతారు గదా అని సంచిలో చోటు వదిలి పెట్టుకున్నాను.

"ఎవరి పెండ్లికి?" అని అడిగింది మా ఆవిడ.

ఇస్నాపూర్‌లో మంచం షిఫ్టు

గురువారం సాయంత్రం ఇస్నాపూర్‌లో దిగాను. కంపెనీ బస్సులు మనుషులను దింపుతూ, మనుషులను ఎక్కించుకుంటూ ఉన్నాయి. గాలిలో మందుల వాసన, దాని మీద పకోడీల వాసన. మా తాత కాలంలో ఇది కందిచేలు. ఇప్పుడు గదులు. గదుల మీద గదులు, వాటి మీద నీళ్ల ట్యాంకులు.

యాదమ్మ నాకు బస ఏర్పాటు చేశానంది. తీసుకుపోవడానికి వచ్చినవాడు ఖాజా. నలభై ఏళ్లుంటాయి. ఊళ్లలో కూరగాయలు ఎత్తి బడికి చేర్చే టెంపో అతనిదే. వాళ్లమ్మ కూలీలకు గదులు కిరాయికి ఇస్తుంది. నన్ను చూడగానే, "ఆవ్ చిచ్చా! ఇంత ఎండల కోటు ఏంది? తబియత్ ఠీక్ ఉందా?" అన్నాడు.

అది కోటు కాదు, షేర్వానీ అని చెప్పాను. "హౌ, మా అన్న నిఖాకు గిట్లాంటిదే కిరాయికి తెచ్చినం," అన్నాడు.

గదిలో ఒకటే మంచం. దాని మీద ఒడిశా పిల్లవాడు ఒకడు పడుకుని ఉన్నాడు. అతను ఏడు గంటలకు డ్యూటీకి లేస్తాడట. అప్పటి నుంచి తెల్లవారి ఆరు దాకా మంచం నాది. ఆరింటికి ఇంకొకతను డ్యూటీ దిగి వస్తాడు. మా గడిలో పందిరి మంచాలు తొమ్మిది ఉండేవి, వాటిలో ఆరు మంచాల మీద ఎవరూ పడుకునేవారు కాదు. ఇక్కడ మంచం ఒక్క క్షణం చల్లబడదు. ఏడయ్యేదాకా బయట తిరిగి రమ్మన్నాడు ఖాజా.

హోటల్లో చాయ్ పన్నెండు రూపాయలు, సమోసా పది. పక్క బల్ల మీద తెల్ల చొక్కా, రెండు ఫోన్ల మనిషి ఒకడు, భూముల బేరగాడట, నా షేర్వానీని చూసి పలకరించాడు. అతను అడగకముందే నా వంశాన్ని మొత్తం చెప్పేశాను. అతను ఐదు ఊళ్ల దగ్గర తల ఊపాడు, కారు దగ్గర తల ఊపాడు, బాలయ్య రెండెకరాల దగ్గర మాత్రం ఫోను బల్ల మీద పెట్టాడు.

"బావి పక్క రెండెకరాలా? సార్, అది రికార్డుల ఇంక మీ తాత పేరు మీదనే ఉన్నది. మీరొక్కరే వారసులా?"

"ఒక్కణ్నే."

"మరింక ఏంది సార్! అప్పుడు ఆ భూమికి తొవ్వ లేదు. ఇప్పుడు వంద ఫీట్ల రోడ్డు పక్కన ఉంది. మీరు ఊ అనుండ్రి, తక్కింది నేను చూసుకుంట."

అతను నాకు ఇంకో చాయ్ చెప్పాడు. ఆ చాయ్ తాగినంతసేపు నేను ఊ అనలేదు. ఊహూ అని కూడా అనలేదు. ఆ చాయ్ కొంచెం మెల్లగానే తాగానని ఒప్పుకోవాలి. చివరికి, "మా తాత ఇచ్చినదాన్ని మేము వెనక్కి తీసుకోము," అని లేచి నిలబడ్డాను. చాలా గొప్పగా అనిపించింది. చాయ్ డబ్బులు అతనే ఇచ్చాడు.

గుడ్లకు ముందు సీటు

శుక్రవారం ఉదయం టెంపో దగ్గరికి వెళ్లి అలవాటుగా ముందు తలుపు తీశాను. సీటు మీద కోడిగుడ్ల అట్టలు ఉన్నాయి.

"వెనక కూసోండ్రి చిచ్చా," అన్నాడు ఖాజా.

"గుడ్లను వెనక పెట్టరాదా?"

"గుడ్లు పగులుతయి. మీరు పగులరు గద."

అలా లక్డారం దారిలో ఖాళీ క్రేట్ల మధ్య, పైన తాడు పట్టుకుని నిలబడి వెళ్లాను. లారీలు దుమ్ము లేపుతున్నాయి. గోడల మీద కంపెనీల పేర్లు, గోడల మధ్య సందుల్లో అకస్మాత్తుగా ఒక పాలకూర మడి, ఇంకో గోడ, మళ్లీ ఒక టమాట చేను. ఒక పెద్ద షెడ్డు ముందు లారీలు నిలిపే చోటు చూపించి, "ఇది మీదేనంట గద?" అన్నాడు ఖాజా. అవును, మా మామిడితోట. నేను లారీల వైపు కాకుండా ఆకాశం వైపు చూశాను.

ఈ బండి పద్ధతి నాకు కొత్త. లక్డారం చుట్టూ ఆరు కుటుంబాలు చేరి గురుకులానికి కూరగాయలు ఇస్తున్నాయి. ఇంతకుముందు బడికి ఒక గుత్తేదారు మార్కెట్ నుంచి తెచ్చేవాడట, వాడిపోయిన బెండకాయలు, మెత్తబడ్డ టమాటలు. ఇప్పుడు బడివాళ్లు వారం వంటల పట్టిక ముందుగా ఇస్తారు, ఈ ఆరు ఇళ్లవాళ్లు రోజులు పంచుకుని దాన్ని బట్టి విత్తనం వేస్తారు. సోమవారం ఒకరి టమాట, మంగళవారం ఇంకొకరి ఆకుకూర. దాంతో ఊళ్లో ఇంటిపేర్లే మారిపోయాయి. "బుధవారపోళ్ల ఇంటికాడ ఆపు" అంటారు. "గురువారపాయన దవాఖానకు పోయిండు" అంటారు. యాదమ్మవాళ్లు శనివారపోళ్లు. మా ముత్తాతకు పటేలు అనే పేరు పైనుంచి వచ్చింది. ఈమెకు శనివారం అనే పేరు సొరకాయల నుంచి వచ్చింది. ఏది ఎక్కువ కాలం నిలుస్తుందో చెప్పడానికి నేను సరైన మనిషిని కాదు.

సొర పందిరి కింద

యాదమ్మకు యాభై దాటాయి. పొట్టి మనిషి, పెద్ద గొంతు. నన్ను చూసి, "వచ్చిన్రా సారూ, మంచిగయింది," అంది. "దొరా" అంటుందేమోనని చూశాను. అనలేదు.

చేను చిన్నది, ఒక్క జానెడు కూడా ఖాళీ లేదు. తీగ పందిరికి సొరకాయలు వరసగా వేలాడుతున్నాయి. గట్ల మీద పుంటికూర, అదే గోంగూర. మూల మీద పాత బావి, పక్కన బోరు. చేనుకు మూడు వైపులా కంపెనీ గోడలే.

"నీళ్లు మంచివేనా?" అన్నాను, ఈ ప్రాంతంలో అందరూ అడిగే ప్రశ్న.

"పరీక్ష చేయించినం. బడోళ్లే సీసాల నింపుకపోయిన్రు. మంచిగున్నయని కాగితం ఇచ్చిన్రు." ఆమె గొంతు కొంచెం తగ్గించింది. "నీళ్లకు కాగితం దొరికింది సారూ. భూమికే దొరకలె. కూరగాయలు అమ్మేటోళ్లు సొంత రైతులేనని చూపెట్టాలంట. పాసుబుక్కు మీ తాత పేరు మీద ఆగిపోయె. వారసుడు రాసిస్తే నడుస్తదన్నది బడి మేడం. రేపటితోని పేర్ల పట్టిక బందయితది. మల్ల వచ్చే ఏడే."

నాలోని ముఖ్య అతిథి అక్కడే పందిరి కింద కన్నుమూశాడు. ఉపన్యాసం జేబులోనే ఉంది. నేను మాత్రం ముఖం చెక్కుచెదరనివ్వలేదు, ముందే తెలిసినట్టు తల పంకించాను.

"ఈ బడి తప్పితే?" అని అడిగాను.

"మా ఇంటాయన కంపెనీల వాచ్‌మెన్. గోదాముకు ఇద్దామంటుండు. సిమెంటు పోస్తరు. పోస్తే ఇగ గీ మట్టి మల్ల రాదు."

జొన్నరొట్టె, సొరకాయ టమాట కూర, ఎల్లిపాయ కారం పెట్టింది. చాప మీద కూర్చోమంది. షేర్వానీ వేసుకుని కింద కూర్చోవడం కుదరదు, అది నిలబడేవాళ్ల కోసం కుట్టిన బట్ట. క్రేటు తిరగేసి దాని మీద కూర్చుని తిన్నాను. రొట్టె మూడోది అడగాలనిపించింది, అడగలేదు. మా ఇంట్లో అడిగే అలవాటు లేదు. అడగకముందే తెచ్చేవాళ్లు ఉండేవాళ్లు. ఇక్కడ యాదమ్మ, "చాలా సారూ?" అని ఒక్కసారి అడిగి, చాలంటే నమ్మి, గిన్నె మూత పెట్టేసింది.

భోజనమయ్యాక నాకు కాగితం, కలం ఇచ్చారు. బావిగట్టు మీద కూర్చుని గంటసేపు రాశాను. ఉపన్యాసం వృథా కాకూడదు గదా, అందులోని మంచి మాటలన్నీ ఇందులో పెట్టాను. చివర నా సంతకం కింద ముగ్గురు పూర్వీకుల పేర్లు కూడా రాశాను.

యాదమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంత పొడుగుందేంది సారూ?" అంది. ఐదో తరగతి దాకా చదివిందట. నా దస్తూరీ ఆమెకు అందలేదు. అక్షరాలు కలిపి రాసే గొలుసుకట్టు, మా తాతగారి శైలి.

బొంతపల్లి దాటాక

శనివారం బొంతపల్లి వీరభద్రుడి గుడి ముందు నుంచి పోతుంటే ఖాజా బండి మెల్లగా చేశాడు, యాదమ్మ సీటులోంచే దండం పెట్టింది. ఆరోజు ముందు సీటు ఆమెది, గుడ్లు ఆమె ఒడిలో. నేను వెనక సొరకాయలతో ఉన్నాను. ఒక గుంత దగ్గర బండి ఎగిరింది. టమాటల క్రేటు నా మీదికి వచ్చింది. లేచి చూసుకునేసరికి షేర్వానీ మీద ఎడమ వైపు, పతకాలు పెట్టుకునే చోట, నాలుగు టమాటలు.

గురుకులం వంటగది ముందు కాంటా పెట్టి ఉంది. కూరగాయలు తూకం వేస్తుంటే ఇద్దరు అమ్మాయిలు పుస్తకం పట్టుకుని పక్కన నిలబడ్డారు, వాళ్లు పిల్లల భోజన సంఘం. వంటమనిషి అంజమ్మ ప్రతి సొరకాయ తొడిమ దగ్గర చిన్న ముక్క కోసి, నాలుక మీద పెట్టుకుని, ఉమ్మేసి, "ఊ" అంటోంది. చేదుకాయ ఒక్కటి పడితే వండినదంతా పారబోయాలట. నలభై కాయలకు నలభై ముక్కలు కొరికింది. మా గడికి చేలల్లోంచి మొదటి గంప వచ్చేది. దాన్ని మర్యాద అనేవాళ్లం. ఎవరూ కొరికి చూసేవాళ్లు కాదు, తూకం అసలే లేదు. తూకం వేస్తే వెల ఇవ్వాల్సి వస్తుంది.

అమ్మాయిల్లో చిన్నది నా వైపు చాలాసేపు చూసి అడిగింది. "సార్, మీరు బ్యాండులనా?"

"ఏ బ్యాండు?"

"పెండ్లిల్ల వాయిస్తరు గద. మా మామ గూడ గిట్లనే తొడుక్కుంటడు. డోలు."

"నేను వాయించను," అన్నాను.

"మరి పాడుతరా?" అంది రెండోది.

ప్రిన్సిపాల్ సునీత మేడం వచ్చి నన్ను కాపాడింది. వాళ్ల నాన్న కోస్తా నుంచి ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డాడట. "రండి రండి, కూర్చోండి. మీకోసమే చూస్తున్నానండీ. మధ్యాహ్నం రెండింటికి పట్టిక పంపించేస్తాను," అంది. నాకు కుర్చీ వేయించి, నా కాగితం తీసుకుని, అక్కడే, కాంటా పక్కన, అందరూ వింటుండగా పైకి చదివింది.

"'... మా పితామహులు శ్రీ భూపతిరావు గారు తమ విశ్వాసపాత్రుడగు సేవకుడు బాలయ్య యొక్క భక్తికి మెచ్చి, దయాళువులై, సదరు రెండెకరముల భూమిని ప్రసాదించియుండిరి...'" మేడం ఆగింది. "అంటే దానమన్నమాట. కానీ యాదమ్మ దగ్గరున్న పాత కాగితంలో వేరేగా ఉంది కదండీ. రెండూ పెడితే నేనేది నమ్మాలి?"

యాదమ్మ అరవలేదు. ఎరువుల సంచి ముక్కతో కుట్టిన చిన్న కవరులోంచి స్టాంపు లేని ఒక తెల్లకాగితం తీసి నా చేతిలో పెట్టింది. మడతల దగ్గర చినిగి, అన్నం మెతుకుతో అతికించి ఉంది.

దస్తూరీ చూడగానే గుర్తుపట్టాను. గొలుసుకట్టు. సంతకంలో చివరి అక్షరానికి తోక.

"మా మోటారు కారుకు టైర్లు కావలసి ఉన్నందున, తొవ్వ లేని బావి పక్క రెండెకరములు బాలయ్యకు ఒక జత ఎడ్లకు, రెండు పుట్ల జొన్నలకు అమ్మితిమి."

అంతే. భక్తి లేదు, దయ లేదు. రెండు వాక్యాలు కూడా లేవు. మా వంశంలో క్లుప్తంగా రాయడం వచ్చినవాడు ఒకడున్నాడని ఆరోజే తెలిసింది.

"దొరా," అంది యాదమ్మ.

మూడు రోజులుగా నేను ఎదురుచూస్తున్న మాట. అది వచ్చేసరికి నాకు కుర్చీలో ఎటు జరగాలో తెలియలేదు.

"మీరు ఇచ్చిన్రని రాస్తే, రేపు మీ పిలగాండ్లు వచ్చి మల్ల ఇయ్యుమంటరు. ఇచ్చింది అడగొచ్చు. అమ్మింది అడగరాదు. మా మామ భక్తికి తీసుకోలె దొరా, ఎడ్లు ఇచ్చి తీసుకున్నడు. ఎడ్లు పోయినంక దున్నెతందుకు ఏమున్నయి? ఆయన ఒక దిక్కు, మా అత్త ఒక దిక్కు, కాడి కింద మెడ వెట్టిన్రు. రెండేండ్లు. మీ తాత ఆ ఎడ్లను సదాశివపేట అంగట్ల అమ్మితే, కొన్నోని ఎంబడి మా మామ రెండు కోసులు నడిచిండట. ఎవ్వలింటికి పోతున్నయో సూసొచ్చిండు. గా ముచ్చట చెప్పుకుంటనే పోయిండు."

అంజమ్మ కొరకడం ఆపింది. ఖాజా క్రేటు దించి అలాగే వంగి ఉన్నాడు. నాకు రెండు ఫోన్ల మనిషి గుర్తొచ్చాడు. "ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోము" అని చాయ్ హోటల్లో నేను నిలబడిన తీరు గుర్తొచ్చింది. ఇవ్వనిదాన్ని వెనక్కి తీసుకోకపోవడం ఎంత సులువో!

"భోజనం చేసి రాస్తాను," అన్నాను మేడంతో. అది తప్పించుకోవడమే.

పంక్తి

భోజనాల హాల్లో కుర్చీలు లేవు. పిల్లలు వరసల్లో కింద కూర్చున్నారు. బ్యాండు అమ్మాయి పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. నేను కింద కూర్చున్నాను. షేర్వానీ ఒప్పుకోలేదు. మధ్య గుండీ ఒకటి ఊడి, వరస చివరి దాకా దొర్లుకుంటూ పోయింది. చేయి నుంచి చేయికి మారుతూ తిరిగి వచ్చింది. ఏ ఊరేగింపులోనూ మా ఇంటి వస్తువును ఇంతమంది ఇంత శ్రద్ధగా చూసి ఉండరు.

సొరకాయ పప్పు, పుంటికూర పచ్చడి, అన్నం, ఒక ఉడికిన గుడ్డు. పిల్లలు శనివారం కోసం ఎదురుచూస్తారట. గుత్తేదారు కాలంలో సొరకాయ అంటే పళ్లేల్లోనే మిగిలిపోయేదట, ముదిరినవి తెచ్చేవాడు. "యాదమ్మ పెద్దమ్మవి లేతగుంటయి సార్," అంది బ్యాండు అమ్మాయి. "ఇంక జెర పెట్టించుకోండ్రి. అడగకపోతే ఎవ్వరు పెట్టరు."

అడిగాను. పెట్టారు. మళ్లీ అడిగాను.

చేతులు కడుక్కుని మేడం గదికి వెళ్లాను. యాదమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రమ్మని మేడం పిలిచినా రాలేదు, నా చేతినే చూస్తోంది. గోడ గడియారంలో ఒకటి నలభై. కొత్త కాగితం తీసుకుని "బదలాయించారు" అని రాశాను. కొట్టేశాను. "స్వాధీనపరిచారు" అని రాశాను. దాన్నీ కొట్టేశాను.

"అమ్మారు అని రాస్తే సరిపోతుందండీ," అంది మేడం మెల్లగా.

ఇంకో కాగితం అడిగాను. ఈసారి గొలుసుకట్టు మానేసి, యాదమ్మ చదవగలిగేలా, పలక మీద దిద్దినట్టు విడివిడిగా రాశాను. రాసి ఆమెకే ఇచ్చాను. ఆమె వేలు పెట్టి, ఒక్కో మాట కూడబలుక్కుంటూ పైకి చదివింది. చివరి వాక్యం దగ్గర ఆగి నా ముఖంలోకి చూసింది. దాన్ని రాయమని ఎవరూ నన్ను అడగలేదు, పట్టికకు దాంతో పని కూడా లేదు. తర్వాత కాగితాన్ని మేడం బల్ల మీద పెట్టింది. మేడం ముద్ర వేసింది.

అందులో రాసింది ఇదీ: మా తాత భూపతిరావు బావి పక్క రెండెకరాలను బాలయ్యకు ఒక జత ఎడ్లకు, రెండు పుట్ల జొన్నలకు అమ్మాడు. ఆ ఎడ్లను సదాశివపేట అంగట్లో అమ్మాడు.